రెండు గుట్టలు

గోదావరి నది కుడి ఒడ్డున రామగుండం, గోదావరిఖని పట్టణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఖని అంటే గని. గోదావరి ఒడ్డున వెలసిన బొగ్గు గనుల వలన ఆ ఊరికి ఆ పేరు స్థిరపడింది. 1960 దశకంలో సింగరేణి సంస్థ ఇక్కడ గనులు తెరవడానికి పూర్వం ఈ సీమ అడవులతో, చెరువులతో, చిన్న చిన్న పల్లెలతో నిండి ఉండేది.

గోదావరిఖని నుండి మంథని వైపు సాగే బాటసారికి రెండు రకాల గుట్టలు కనిపిస్తాయి. మొదటిది రామగిరి. దానిపై ప్రాచీనమైన కోట ఉంది. శ్రీరాముడు సీతాలక్ష్మణ సమేతుడై అక్కడ కొంతకాలం గడిపాడని స్థానికుల విశ్వాసం. ఆ గుట్ట ఔషధ మొక్కలకు ప్రసిద్ధి పొందింది. వృక్షశాస్త్ర విద్యార్థులు వాటిని చూడడానికి దూర ప్రాంతాల నుండి వస్తుంటారు. రెండవ రకపు గుట్టలు మనిషి చేసినవి. ఉపరితల గనులలో బొగ్గు పొరకు పైన ఉన్న మట్టిని, రాతిని తవ్వి ఒక పక్కన పోయగా ఏర్పడినవి. ఆ మట్టిని ఇంగ్లీషులో ఓవర్‌బర్డెన్ అంటారు. కార్మికులు దానినే 'ఓబీ' అని పిలుస్తారు.

ఈ రెండు గుట్టల మీదా ఒకే సూర్యుడు ప్రకాశిస్తాడు. ఒకే నైరుతి రుతుపవనం వాన కురిపిస్తుంది. ఒకే గాలి వీస్తుంది. అయినా రామగిరి మీద ఎవరూ నాటకుండానే, ఎవరూ నీరు పోయకుండానే అడవి నిలిచి ఉంది. కొత్తగా పోసిన ఓబీ గుట్ట మీద గడ్డిపరక మొలవడమే గగనం. ఎండ ఉంది, వాన ఉంది, మట్టి అనదగినదేదో ఉంది. మరి లేనిదేమిటి? ఈ ప్రశ్నకు సమాధానం వెతికితే అడవి అంటే ఏమిటో తెలుస్తుంది.

జీవులు, నిర్జీవులు కలిసిన కుటుంబం

ఒక ప్రదేశంలోని జీవులన్నీ, వాటి చుట్టూ ఉన్న గాలి, నీరు, నేల, ఉష్ణోగ్రత వంటి నిర్జీవ అంశాలతో కలిసి ఒకే వ్యవస్థగా పనిచేస్తాయి. దీనిని ఆవరణ వ్యవస్థ అంటారు. 1935లో ఆర్థర్ టాన్‌స్లీ అనే ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు ఈ భావనకు ఇంగ్లీషులో 'ఎకోసిస్టమ్' అని పేరు పెట్టాడు. జీవులను వాటి పరిసరాల నుండి వేరుచేసి అర్థం చేసుకోవడం సాధ్యం కాదని ఆయన అభిప్రాయం. చెరువు ఒక ఆవరణ వ్యవస్థ. పొలం ఒక ఆవరణ వ్యవస్థ. రామగిరి గుట్ట మరొకటి.

ఈ వ్యవస్థలో జీవులు మూడు విధాలుగా పనులు పంచుకొంటాయి. పచ్చని మొక్కలు సూర్యకాంతిని గ్రహించి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును, నేలలోని నీటిని కలిపి ఆహారం తయారుచేస్తాయి. ఇవి ఉత్పత్తిదారులు. ఈ ప్రాంతపు అడవులలో టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, మోదుగు, వెదురు, నేలమీది గడ్డి ఈ కోవకు చెందుతాయి. తమ ఆహారాన్ని తాము తయారుచేసుకోలేనివి వినియోగదారులు. ఆకు తినే గొంగళిపురుగు, గడ్డి మేసే చుక్కల దుప్పి మొదటి శ్రేణి వినియోగదారులు. గొంగళిపురుగును తినే పిట్ట, దుప్పిని వేటాడే చిరుత ఆపై శ్రేణికి చెందినవి. ఇక మూడవ వర్గం విచ్ఛిన్నకారులు. బాక్టీరియాలు, శిలీంధ్రాలు ఇందులో ముఖ్యమైనవి. వానపాములు, చెదలు, పేడపురుగులు వాటికి తోడ్పడతాయి. రాలిన ఆకును, పడిపోయిన మానును, చచ్చిన జంతువును ఇవి కుళ్ళజేసి, వాటిలోని పోషకాలను తిరిగి నేలకు చేరుస్తాయి.

సాధారణంగా అడవి అనగానే చెట్టు, పులి, నెమలి మనసులో మెదులుతాయి. మూడవ వర్గం ఎవరికీ గుర్తుకు రాదు. కంటికి కనిపించని ఆ జీవుల సంఖ్య మాత్రం ఊహకు అందనిది. సారవంతమైన ఒక గ్రాము మట్టిలో కోట్ల కొలది బాక్టీరియాలు ఉంటాయి. అవి ఒక్క ఏడాది పని మానివేస్తే రాలిన ఆకులు రాలినచోటనే పేరుకుపోతాయి. వాటిలోని నత్రజని, భాస్వరం, పొటాష్ చెట్ల వేళ్ళకు అందకుండా నిలిచిపోతాయి.

శక్తి ప్రయాణం, పోషకాల పరిభ్రమణం

ఆవరణ వ్యవస్థలో రెండు ప్రవాహాలు నిరంతరం సాగుతుంటాయి. ఒకటి శక్తి, రెండవది పోషకాలు. వీటి నడకలో మౌలికమైన భేదం ఉంది. పోషకాలు నేల నుండి మొక్కకు, మొక్క నుండి జంతువుకు, జంతువు నుండి తిరిగి నేలకు చక్రంవలె తిరుగుతాయి. శక్తి అలా తిరిగి రాదు. సూర్యుని నుండి మొక్కకు, మొక్క నుండి జంతువుకు పోతూ, దారి పొడవునా వేడిగా మారి వెదజల్లబడుతుంది. అందుకే ప్రతిదినమూ సూర్యుడు ఉదయించి కొత్త శక్తిని అందించవలసిందే.

ఈ శక్తి ప్రయాణాన్ని లెక్కగట్టి చూపినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు రేమండ్ లిండెమన్. మినెసోటా రాష్ట్రంలోని సెడార్ బాగ్ అనే చిన్న సరస్సును ఆయన కొన్నేళ్ళపాటు శ్రద్ధగా పరిశీలించాడు. ఆ పరిశోధన వ్యాసం 1942లో వెలువడింది. దానిని అచ్చులో చూసుకొనే భాగ్యం ఆయనకు దక్కలేదు. అదే ఏడాది, ఇరవై ఆరేళ్ళ వయసులోనే ఆయన మరణించాడు. ఒక పోషక స్థాయిలో ఉన్న శక్తిలో సుమారు పదవ వంతు మాత్రమే పై స్థాయికి చేరుతుందనే 'పది శాతం సూత్రం' ఆయన కృషి ఫలితమే. ఈ సూత్రాన్ని అనుసరించి స్థూలంగా లెక్కవేస్తే, వెయ్యి కిలోల గడ్డి వంద కిలోల దుప్పులను, ఆ వంద కిలోల దుప్పులు పది కిలోల పులిని మాత్రమే పోషించగలవు.

పులులు ఎందుకు అరుదుగా ఉంటాయో, వాటికి అంత విశాలమైన అడవి ఎందుకు కావాలో ఈ లెక్క చెబుతుంది. ఒక పులి ఏడాదికి దుప్పి పరిమాణం గల జంతువులను సుమారు యాభై వేటాడుతుంది. ఆ యాభై పోయినా మంద తరగకుండా ఉండాలంటే అడవిలో సుమారు ఐదువందల జంతువులు ఉండాలి. ఐదువందల జంతువులకు సరిపడే గడ్డి, ఆ గడ్డికి సరిపడే నేల ఉండాలి. గోదావరికి ఆవల మంచిర్యాల, ఆదిలాబాద్ సీమలలో విస్తరించిన కవ్వాల్ అభయారణ్యాన్ని 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. మహారాష్ట్రలోని తాడోబా అడవుల నుండి పులులు నదులు దాటి ఈ వైపుకు వస్తుంటాయి. ఆ దారిలో అడవి తెగిపోయిన ప్రతిచోటా వాటి ప్రయాణం కష్టమవుతుంది. కనుక పులిని కాపాడటమంటే గడ్డిని, దాని కింది నేలను, ఒక అడవి నుండి మరొక అడవికి ఉన్న దారిని కాపాడటమే.

ఇచ్చిపుచ్చుకోవడాలు

ఒకరినొకరు తినడం ఒక్కటే జీవుల మధ్య ఉన్న సంబంధం కాదు. పరస్పరం మేలు చేసుకొనే జీవులు ఎన్నో ఉన్నాయి. దీనిని అన్యోన్యాశ్రయం అంటారు. బతుకమ్మ పండుగకు తెలంగాణ ఆడపడుచులు తెచ్చుకొనే తంగేడు పువ్వు ఇందుకు చక్కని ఉదాహరణ. తంగేడు పువ్వులో మకరందం ఉండదు. తుమ్మెద ఆ పువ్వును పట్టుకొని తన రెక్కల కండరాలను వేగంగా కంపింపజేస్తుంది. ఆ అదురుకు పుప్పొడి రాలుతుంది. తుమ్మెదకు ఆహారం దొరుకుతుంది. దాని ఒంటికి అంటిన పుప్పొడి మరొక పువ్వుకు చేరి కాయ కడుతుంది. తుమ్మెదలు గూడు కట్టుకొనే ఎండుమాను, వెదురు లేనిచోట తంగేడుకు సేవ చేసేవారు కరవవుతారు. ఎలుగుబంటికి, పండ్లచెట్లకు మధ్య కూడా ఇటువంటి బంధమే ఉంది. అది తునికి పండ్లను తిని, ఆ గింజలను తన వెంట చాలా దూరం మోసుకుపోయి విసర్జిస్తుంది. అడవికి అది జీతం లేని తోటమాలి.

ఒక జీవికి మేలు జరిగి, రెండవదానికి లాభనష్టాలు లేని సంబంధాన్ని సహభోజకత్వం అంటారు. మేస్తున్న గేదె వెంట నడిచే తెల్లకొంగను ఇందుకు ఉదాహరణగా చెబుతారు. గేదె అడుగులకు గడ్డిలోని మిడతలు ఎగిరిపడతాయి, కొంగ వాటిని పట్టుకొంటుంది. ఒక జీవి మరొకదాని ఒంటిమీద బతుకుతూ దానికి హాని చేస్తే అది పరాన్నజీవనం. మామిడి కొమ్మలలో వేళ్ళు దించే బదనిక అటువంటిది. ఒకే వనరు కోసం పెనుగులాడటం పోటీ. వయ్యారిభామ అనే కలుపు మొక్క అమెరికా ఖండం నుండి వచ్చి, 1950 దశకంలో మన దేశంలో వ్యాపించనారంభించింది. స్వదేశంలో దానిని అదుపులో ఉంచే కీటకాలు ఇక్కడ లేకపోవడంతో అది బంజరులన్నిటినీ ఆక్రమించి, పశువులు మేసే గడ్డిని అణగదొక్కింది. 1984లో శాస్త్రజ్ఞులు మెక్సికో నుండి దాని ఆకును తినే ఒక పెంకు పురుగును తెచ్చి విడుదల చేయవలసి వచ్చింది.

ఈ సంబంధాలలో ఒకటి తెగితే ఏమవుతుందో రాబందుల కథ తెలియజేస్తుంది. 1990 దశకంలో భారతదేశమంతటా రాబందులు అకస్మాత్తుగా తగ్గిపోయాయి. కొన్ని జాతులలో వందకు తొంభై ఐదుకు మించి నశించాయి. పశువుల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ అనే మందు ఇందుకు కారణమని 2004లో తేలింది. ఆ మందు వాడిన పశువు చనిపోతే, దాని మాంసం తిన్న రాబందుల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. రాబందులు లేక కళేబరాలు ఊరిబయట కుళ్ళాయి. వాటిని తిని ఊరకుక్కల సంఖ్య పెరిగింది. కుక్కకాట్ల బెడద అధికమైంది. 2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించింది. ఆసిఫాబాద్ ప్రాంతంలో ప్రాణహిత, పెద్దవాగు కలిసే చోటుకు సమీపాన ఉన్న పాలరాపు గుట్ట కొండచరియల మీద 2013లో పొడుగు ముక్కు రాబందుల గూళ్ళు కనిపించాయి. అటవీ శాఖ వాటి సంరక్షణకు పూనుకొన్నది. పశువుకు వేసిన సూదిమందు రాబందును చంపి, ఊరికి కుక్కల బెడద తెచ్చిపెడుతుందని ముందుగా ఎవరూ ఊహించలేదు. ఆవరణ వ్యవస్థలో ఎక్కడో ముట్టుకొంటే మరెక్కడో కదులుతుంది.

కుళ్ళని అడవే బొగ్గు

రామగుండం భూగర్భంలోని బొగ్గు కూడా ఒకనాటి ఆవరణ వ్యవస్థ మిగిల్చిన సంపదే. సుమారు 25 నుండి 30 కోట్ల సంవత్సరాల క్రితం భారతదేశం, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా కలిసి ఒకే మహాఖండంగా ఉండేవి. భూగర్భ శాస్త్రజ్ఞులు దానిని గోండ్వానా అన్నారు. గోండులు నివసించే మధ్య భారత ప్రాంతపు పేరునే వారు ప్రపంచానికంతటికీ పరిచయం చేశారు. ఆ కాలంలో గోదావరి లోయ పల్లపు నేలల్లో గ్లోసాప్టెరిస్ అనే నాలుక ఆకారపు ఆకులు గల మొక్కలు దట్టంగా పెరిగేవి.

ఆ చిత్తడి నేలల్లో ఒక విశేషం ఉంది. రాలిన ఆకులు, కూలిన మానులు నీటి అడుగున బురదలో కూరుకుపోయాయి. అక్కడ ప్రాణవాయువు లేదు. ప్రాణవాయువు లేనిచోట విచ్ఛిన్నకారులు తమ పనిని పూర్తిచేయలేవు. కనుక ఆ అడవి పూర్తిగా కుళ్ళలేదు. పొరమీద పొర పేరుకొని, పైన పడ్డ ఇసుక, మట్టి ఒత్తిడికి, భూగర్భంలోని వేడికి బొగ్గుగా మారింది. కోట్ల ఏండ్ల కిందట ఆకులు పట్టి ఉంచిన ఎండయే ఈనాటి బొగ్గులోని నిప్పు. 1871లో భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఎల్లందు సమీపాన ఈ బొగ్గు ఉనికిని గుర్తించాడు. సింగరేణి గనుల చరిత్ర అక్కడి నుండి మొదలవుతుంది. 1983లో రామగుండం ఎన్‌టీపీసీ కేంద్రంలో తొలి యూనిట్ విద్యుత్తును అందించినప్పుడు వెలిగిన దీపాలు ఆ పాత ఎండతోనే వెలిగాయి. అదే కేంద్రపు జలాశయం మీద 2022లో 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ పలకలు పూర్తిగా పనిలోకి వచ్చాయి. అవి ఏనాటి ఎండను ఆనాడే పట్టుకొంటాయి.

విచ్ఛిన్నకారుల పని ఆగిపోయినచోట బొగ్గు పుట్టింది. ఆ బొగ్గును తీసిన తరువాత మిగిలే గుట్ట మీద అడవి పుట్టాలంటే తిరిగి ఆ విచ్ఛిన్నకారులే రావాలి. రెండు గుట్టల ప్రశ్నకు సమాధానం ఇక్కడే దొరుకుతుంది.

తలకిందులైన నేల

భూగర్భ గనిలో, అంటే కార్మికుల మాటలో 'బాయి'లో, పైనున్న నేలను చాలావరకు కదిలించకుండానే సొరంగాల ద్వారా బొగ్గు తీస్తారు. ఉపరితల గని పద్ధతి వేరు. అడవిని, పొలాన్ని, ఒక్కొక్కసారి పల్లెనే తొలగించి, పైనుండి పొరలు పొరలుగా తవ్వుతారు. రామగుండం ప్రాంతంలో 1970 దశకం నుండి ఈ విధానం అమలులోకి వచ్చింది. సింగరేణి ఉపరితల గనులలో ఒక టన్ను బొగ్గు తీయడానికి సగటున ఐదారు ఘనపు మీటర్ల మట్టిని, రాతిని తొలగించవలసి ఉంటుంది. 2023-24 ఆర్థిక సంవత్సరంలో సంస్థ ఉత్పత్తి 7 కోట్ల టన్నులు దాటింది. దానికోసం ఎంత మట్టి కదిలిందో ఈ లెక్కను బట్టి ఊహించవచ్చు.

సహజమైన నేలకు ఒక క్రమం ఉంటుంది. అన్నిటికన్నా పైన రాలిన ఆకుల దుప్పటి, దానికింద నల్లని జీవమట్టి, ఆ కింద గట్టి మట్టి, అడుగున రాయి ఉంటాయి. జీవమంతా పైనున్న మూరెడు మందంలోనే ఎక్కువగా ఉంటుంది. తవ్వి పోసినప్పుడు ఈ క్రమం తలకిందులవుతుంది. కోట్ల ఏండ్లుగా వెలుగు చూడని ఇసుకరాయి, షేలు రాయి గుట్ట పైకి వస్తాయి. వాటిలో సేంద్రియ పదార్థం అత్యల్పం. విత్తనాలు లేవు, వానపాములు లేవు, వేళ్ళకు తోడుండే శిలీంధ్రాలు లేవు. వాన పడితే నీరు ఇంకక జారిపోతుంది. జారుతూ మట్టిని కోసుకుపోయి కింది పొలాల్లో, చెరువుల్లో పోస్తుంది. వేసవిలో ఆ రాతి గుట్ట నిప్పులు చెరుగుతుంది. ఓబీ గుట్టకు లేనివి ఎండావానలు కావు. రామగిరి నేలలో ఉన్న అసంఖ్యాకమైన సంబంధాలు దానికి లేవు.

జీవం తిరిగి వచ్చే దారి

అయినా ప్రకృతి అటువంటి చోటును శాశ్వతంగా వదిలివేయదు. బోడినేల మీద జీవజాతులు ఒక వరుసలో వచ్చి స్థిరపడటాన్ని అనుక్రమం అంటారు. 1883లో ఇండోనేషియాలోని క్రాకటోవా అగ్నిపర్వతం బద్దలై, ఆ దీవి వేడి బూడిద కింద కప్పబడిపోయింది. మరుసటి ఏడాది అక్కడికి వెళ్ళినవారికి ఒకే ఒక చిన్న సాలెపురుగు కనిపించింది. అది గాలిలో దారంమీద తేలివచ్చింది. 1886 నాటికి నాచులు, ఫెర్న్ మొక్కలు పుట్టాయి. దశాబ్దాలు గడిచేసరికి ఆ దీవిని అడవి కప్పింది.

ఓబీ గుట్ట మీద కూడా ఇటువంటి క్రమమే నడుస్తుంది. మొదట నాచు, సూక్ష్మజీవులు, గాలికి కొట్టుకువచ్చే గడ్డి విత్తనాలు చేరతాయి. గోదావరి ఇసుక తిన్నెలమీద తెల్లని పూలతో ఊగే రెల్లు ఇటువంటి నిస్సారమైన నేలలోనూ వేరూనుతుంది. వెంపలి వంటి చిక్కుడు కుటుంబపు మొక్కల వేళ్ళకు బుడిపెలు ఉంటాయి. వాటిలో నివసించే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. మొక్క దానికి చక్కెర ఇస్తుంది. మొక్క చనిపోతే ఆ నత్రజని నేలకు దక్కుతుంది. పొదలు ఏర్పడితే పిట్టలు వాలతాయి. వాటి రెట్టల వెంట వేప, రావి, మర్రి విత్తనాలు వస్తాయి. ఇలా ముందు వచ్చినది వెనుక వచ్చేదానికి చోటు సిద్ధం చేస్తుంది. మనిషి జోక్యం లేకుండా ఇదంతా జరగాలంటే ఎన్నో దశాబ్దాలు పడుతుంది. ఈలోగా వానలు గుట్టను కోసివేస్తుంటాయి.

కనుక మనిషి ఈ క్రమాన్ని త్వరపరచాలి. సింగరేణి సంస్థ ఏటా వానాకాలంలో గుట్టలపై, ఖాళీ స్థలాలలో లక్షల మొక్కలు నాటుతోంది. అయితే మొక్కల సంఖ్య ఒక్కటే విజయానికి కొలత కాజాలదు. తవ్వకానికి ముందే పైమట్టిని విడిగా తీసి ఉంచి, వీలైనంత త్వరగా గుట్టమీద పరచాలి. ఎత్తైన కుప్పగా ఏళ్ళ తరబడి ఉంచితే లోపలి జీవులు నశించి అది కూడా ఉత్త మట్టి అవుతుంది. గుట్టను మెట్లు మెట్లుగా మలచి నీటి వేగాన్ని తగ్గించాలి. మొదట గడ్డి, వెంపలి, కానుగ వంటివి వేసి, నేల కుదుటపడిన తరువాత ఇప్ప, తునికి, నల్లమద్ది వంటి స్థానిక వృక్షాలను తేవాలి. ఒకే జాతి మొక్కలను బారులు తీర్చి నాటితే గుట్ట త్వరగా పచ్చబడుతుంది. కానీ అక్కడ పిట్టకు పండు లేదు, దుప్పికి మేత లేదు, తుమ్మెదకు ఏడాది పొడవునా పూలు లేవు. పచ్చదనం వేరు, అడవి వేరు.

మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలి బొగ్గు క్షేత్రంలో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వేరువేరు వయసుల మట్టి గుట్టలను పోల్చి చూశారు. గుట్ట వయసు పెరిగిన కొద్దీ మట్టిలోని సూక్ష్మజీవుల పరిమాణం పెరుగుతూ వచ్చింది. అయినా అది పక్కనున్న సహజారణ్యపు మట్టి స్థాయికి చేరలేదు. చెట్టు ఎదగడం కంటికి కనిపిస్తుంది. మట్టి ఎదగడం కనిపించదు. రెండవది మొదటిదానికంటే నెమ్మది.

గుంతలో నీరు, నదిలో ఇసుక

తవ్వగా పోసిన మట్టి గుట్ట అయితే, తవ్వగా మిగిలినది గుంత. పని ముగిసిన గుంతలో వాననీరు, ఊటనీరు చేరి లోతైన జలాశయం ఏర్పడుతుంది. చూపులకు అది చెరువువలె ఉంటుంది. కానీ చెరువులో ఒడ్డు మెల్లగా దిగుతుంది. ఆ లోతులేని అంచులోనే తుంగ, తామర పెరుగుతాయి. చేప గుడ్లు పెడుతుంది, కప్ప తిరుగుతుంది, కొంగ మేస్తుంది. గని గుంతకు నిటారైన గోడలు ఉంటాయి. వెలుతురు అడుగుకు చేరదు. నీరు ఎంత ఉన్నా జీవానికి చోటు స్వల్పం. గోడలను వాలుగా మలచి, అంచున లోతు తగ్గిస్తే అదే గుంత క్రమంగా నిజమైన చెరువు కాగలదు.

నది విషయమూ ఇటువంటిదే. భూగర్భ గనులలో బొగ్గు తీయగా ఏర్పడిన ఖాళీలను పూడ్చడానికి చాలాకాలం గోదావరి ఇసుకను వాడారు. ఆ ఇసుక నదిలో నీటిని పట్టి ఉంచుతుంది. తాబేళ్ళు, మొసళ్ళు గుడ్లు పెట్టుకొనేది ఇసుక ఒడ్డుల లోనే. దిగువన ఎల్ మడుగు అనే లోతైన మడుగులో నివసించే మొసళ్ళ రక్షణకు శివ్వారం అభయారణ్యం ఏర్పడింది. ఇటీవలి కాలంలో ఓబీ రాతిని పొడిచేసి కడిగి, ఇసుకకు బదులుగా వాడే పద్ధతి గనులలో ప్రవేశించింది. ఒకచోట భారమైన పదార్థం మరొకచోట అవసరాన్ని తీర్చడం ప్రకృతి నుండి నేర్వవలసిన పాఠం. అడవిలో వ్యర్థం అనేది లేదు. ఒకదాని వ్యర్థం మరొకదాని ఆహారం.

మిగిలేది ఏమిటి?

బొగ్గు తరగని నిధి కాదు. ఏదో ఒకనాడు ప్రతి గనీ మూతపడుతుంది. 2009లో కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ ప్రతి గనికీ మూసివేత ప్రణాళిక ఉండాలని, అందుకు కావలసిన సొమ్మును ముందుగానే వేరుగా జమచేయాలని నిర్దేశించింది. గని తెరిచేనాడే దానిని మూసే విధానాన్ని ఆలోచించాలన్నది ఇందులోని సారాంశం. మూడు తరాలుగా ఈ గనులను నమ్ముకొని లక్షలాది ప్రజలు జీవిస్తున్నారు. వారి శ్రమతో రాష్ట్రమంతటా దీపాలు వెలిగాయి, కర్మాగారాలు నడిచాయి. బొగ్గు అయిపోయిన తరువాత వారి పిల్లలకు దక్కేది ఈ గుట్టలు, ఈ గుంతలు, ఈ నది. అవి పశువుకు గడ్డిని, బావికి నీటిని, తునికాకు ఏరుకొనేవారికి కూలిని, బతుకమ్మకు తంగేడు, గునుగు పూలను ఇవ్వగల స్థితిలో ఉంటాయా, లేక వేసవిలో నిప్పులను, వానాకాలంలో బురదను మాత్రమే ఇస్తాయా అన్నది నేటి పనిమీద ఆధారపడి ఉంది.

ఒక గుట్ట అడవిగా మారిందో లేదో తెలుసుకోవడానికి తొలకరి వానల తరువాత అక్కడి నేలను చూస్తే చాలు. తెలుగువారు పుట్టగొడుగు అనే మాటను ఊరకే పుట్టించలేదు. అది పుట్టమీద లేచే గొడుగు. చెదలు పుట్ట లోపల ఒక శిలీంధ్రాన్ని పెంచుతాయి. ఆకులను, పుల్లలను తెచ్చి దానికి మేపుతాయి. ఆ శిలీంధ్రం వాటిని అరిగించి చెదలకు ఆహారంగా మారుస్తుంది. వానలకు ఆ శిలీంధ్రమే పుట్టను చీల్చుకొని తెల్లని గొడుగుగా పైకి వస్తుంది. పుట్టగొడుగు లేచిందంటే అక్కడ చెదలు ఉన్నాయి, చెదలకు రాలిన ఆకులున్నాయి, ఆకులు రాల్చే చెట్లున్నాయి, ఆ చెట్లను నిలిపే మట్టి ఉంది. రామగిరి నేలకు ఇవన్నీ తరతరాల ఆస్తి. మనిషి పోసిన గుట్ట మీద తొలి పుట్టగొడుగు లేచిన నాడు, తెగిపోయిన సంబంధాలు తిరిగి అతుక్కోవడం ఆరంభమైందని చెప్పవచ్చు.